రాకుంటే నేర్చుకో

హిందూపురంలో మా ఆఫీసు పక్క సందులో ఓ చిన్న మెస్సు ఉంది. మధ్యాహ్నం వాళ్ళు సంగటి గిన్నె మూత తీస్తే ఉడికిన రాగిపిండి వాసన మా కిటికీ దాకా వస్తుంది. ఆ వాసన తగలగానే పెనుకొండలో మా పక్కింట్లో ఉండిన రూతమ్మక్క గుర్తుకొస్తుంది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉండేది. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

నా భార్య జ్వరంతో చనిపోయేనాటికి మా సుమ నాలుగో తరగతి. నాకు టీ పెట్టడం కూడా రాదు. ఆ వేసవిలో మా అమ్మ గోరంట్ల నుంచి వచ్చి, "పిల్లను నేను తీసకపోతా. నువ్వు పొద్దున పోతే మాపటికి వస్తావు. ఈడ దానికి కూడెవరు వండుతారు, జడెవరు వేస్తారు?" అంది. బడి తెరిచేలోగా వచ్చి పిలుచుకుపోతానని చెప్పి వెళ్ళింది. ఆ రోజు నుంచి సుమ ఇంట్లో నేను ఎటు వెళ్తే అటు నా వెనకే తిరగసాగింది.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న రూతమ్మక్కకు ఈ సంగతి చెప్పాను.

"పాపకు పోవాలని ఉండాదా?" అని అడిగింది.

"లేదక్కా. నాకు వంట రాదు కదా, ఏం చేసేది?"

"రాకుంటే నేర్చుకో అప్పా. దానికోసరం పిల్లను ఊరు దాటిస్తావా?"

మరునాడు ఆమె మా వంటింట్లోకి వచ్చింది. తానే వండిపెడుతుందేమో అనుకున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, ఏ గిన్నె ఎక్కడుందో నన్నే వెతుక్కోనిచ్చింది. అన్నం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి సంగటి కట్టెతో కలిపాను. అన్నీ ఉండలే. అడుగంటింది కూడా. ఆమె ఓ ముద్ద నోట్లో వేసుకుని నింపాదిగా నమిలి, "రేపు మంట తగ్గించు," అని మాత్రం అంది. జడ నేర్పడానికి పాత చీర చింపి మూడు పేలికలు కిటికీ ఊచకు కట్టింది. ఆఫీసు నుంచి రాగానే వాటిని అల్లుతూ కూర్చునేవాణ్ణి. సుమ పక్కన చేరి తప్పులు పట్టేది. తల్లి పోయాక ఆ పిల్ల నవ్వగా మళ్ళీ విన్నది అప్పుడే.

అమ్మ వచ్చిన రోజు సంగటి, చెనక్కాయ చట్నీ నేనే చేసి పెట్టాను. ఆమె తింటూ, చేతికి తగిలిన ఉండను కంచం అంచుకు తోసి, "ఇంకొంచెం పెట్టు," అంది. తర్వాత సుమను దగ్గరకు లాక్కుని, "ఈ వంకర జడ ఎవరేసినారే?" అని అడిగింది.

"నాయన."

అమ్మ ఆ జడను చాలాసేపు నిమిరింది. వచ్చీరాగానే తాను సర్దిన సంచి విప్పి, పిల్ల గౌన్లు ఒక్కొక్కటే మళ్ళీ బీరువాలో పెట్టింది. "నేనే అప్పుడప్పుడు వచ్చి పోతాలే," అంటూ కళ్ళు తుడుచుకుంది.

కొన్నాళ్ళకు రూతమ్మక్క ఓ సాయంత్రం వచ్చి, "నాకు స్కూటరు నేర్పిస్తావా? చర్చికి పోవాలంటే ఎవరో ఒకర్ని అడుక్కోవాల్సి వస్తాండాది," అంది. అరవై దాటిన మనిషి. కాలేజీ మైదానంలో నేర్పుతుంటే రెండో రోజే పడిపోయింది. నేను పరుగెత్తాను.

"దెబ్బ తగిలిందా అక్కా?"

"మోకాలు గీరుకుపోయింది. కట్టు కట్టుకునేది నాకు వచ్చులే. నువ్వు బండి లేపు."

"అందరూ చూస్తాండారక్కా."

"చూడనీ. నేర్చుకునేటప్పుడు పడకుండా ఎట్లుంటాం?"

ఆ నెలాఖరు ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఒక్కతే బండి మీద చర్చికి వెళ్ళింది. సందు మలుపు తిరిగేదాకా నేనూ సుమా వాకిట్లో నిలబడి చూశాం.

పోయిన ఏడాది వానాకాలంలో రూతమ్మక్క పోయింది. సుమ నా దగ్గరే పెరిగి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నాకూ యాభై దాటాయి. చేతకాని పని ఎదురైతే ఇదివరకు ఏదో సాకు చెప్పి తప్పుకునేవాణ్ణి. ఇప్పుడు అడిగి నేర్చుకుంటున్నాను. మొన్న ధర్మవరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె జాకెట్లు కుట్టే మిషను ముందు కూర్చుని నేర్పమన్నాను.

"ఈ వయసులో నీకెందుకన్నా?" అని నవ్వింది.

"రాదు కాబట్టి," అన్నాను.

మొదటి కుట్టు గుడ్డ దాటి పక్కకు పోయింది. దారం విప్పి మళ్ళీ మొదలుపెట్టాను.