తలకు టవలు కట్టించింది ఎవరు

లాక్‌డౌన్ ఎత్తేసిన మరుసటి ఏడాది. అప్పటికి పదిహేనేళ్లుగా నేను చింతామణి కోర్టులో క్రిమినల్ వకీలును. మురుగమల్ల దారిలో వెంకటమ్మ అనే రైతు మెడలోని గొలుసు తెంచుకుని ఒకడు బైకు మీద పారిపోయాడు. అలాంటి బైకే ఉందని పోలీసులు టమాటా మండీ హమాలీ నాగరాజును పట్టుకున్నారు. ఐడెంటిఫికేషన్ పరేడ్‌లో, అంటే నిందితుణ్ణి మరికొందరి మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే పద్ధతిలో, వెంకటమ్మ తడుముకోకుండా అతణ్ణే చూపించింది. వేరే సాక్ష్యం లేదు. ఆమె మాట నిలిస్తే నాగరాజుకు జైలే. అతని తరఫు వకీలును నేను.

గొంతు పెంచి, అబద్ధమాడానని సాక్షి చేత ఒప్పించడం నా పద్ధతి. వెంకటమ్మ కోర్టులో సాక్ష్యం చెప్పే రోజు జలుబుతో నా గొంతు పూర్తిగా పోయింది. ఎదుటి పక్షం సాక్షిని మన తరఫున ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్ పని జూనియర్ శ్యామలకు ఇవ్వక తప్పలేదు. ఆమె సైకాలజీ చదివి ఈ వృత్తిలోకి వచ్చింది. ఎక్కడో చూసిన ముఖాన్ని నేరం దగ్గర చూసినట్టు మనసు అతికించుకుంటుందని ముందే నాతో అంది. నేను నవ్వేశాను.

శ్యామల మెల్లగా అడిగింది.

“టమాటాలు యాడికి ఏస్తారమ్మా?”

“చింతామణి మండీకే. వారానికి రెండు తూర్లు.”

“క్రేట్లు ఎవురు దించుతారు?”

“ఎవురో హమాలీలు. తలకు టవలు కట్టుకోనుంటారు.”

జడ్జి అనుమతి తీసుకుని శ్యామల నాగరాజు చేత తలకు టవలు కట్టించింది. వెంకటమ్మ చాలాసేపు చూసింది.

“ఈయప్ప మా క్రేట్లు దించే అప్ప కదమ్మా.”

“మరి బైకు మింద చూసినారా, మండీలోనా?”

“ఇప్పుడు చెప్పలేనమ్మా. మొకం తెలిసిందే. యాడ చూసిందీ చెప్పలేను.”

నాగరాజు విడుదలయ్యాడు. అతని భార్య నన్ను దాటుకుని పోయి శ్యామల చేతులు పట్టుకుంది. జడ్జి కూడా ఆమెనే మెచ్చుకున్నారు. నాకు కడుపు మండిపోయింది. వకాలతు నాది, పేరు ఆమెది. ఆ తర్వాత ఆమెకు వాయిదాలు అడిగే పని తప్ప ఏదీ ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండానే సొంత ఆఫీసు పెట్టుకుని వెళ్లిపోయింది. పీడ వదిలిందనుకున్నాను.

బార్ రూములో ఆ కేసు గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. చెప్పినప్పుడల్లా అందులో శ్యామల కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది.

మొన్న ఒక తోటి వకీలు ఆ కేసు కాగితాలు అడిగితే పాత ఫైలు తీశాను. టవలు కట్టించింది నేనేనని నాకు బాగా గుర్తు. నాగరాజు ముడి వేసుకోవడం, నేను వెంకటమ్మ వైపు తిరగడం కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. కాగితంలో మాత్రం ప్రశ్నలన్నీ శ్యామల పేరు కిందే ఉన్నాయి. ఆ రోజు నాకసలు గొంతే లేదు.

అంత గట్టిగా చూపించిన వెంకటమ్మ అబద్ధమాడలేదని నాకు అప్పుడు నిజంగా తెలిసింది. పైగా ఆమె నిండు కోర్టులో తన తప్పు ఒప్పుకుంది. శ్యామలకు ఫోను చేయడానికే నాకు రెండు రోజులు పట్టింది.

“ఆ టవలు కట్టించింది నువ్వేనమ్మా” అన్నాను.

“ఎవురు కాదన్నారు సార్?” అంది శ్యామల.