భీమరాజు గారి పదకొండు నకళ్లు

ముక్తేశ్వరంలో భీమరాజు గారికి పాత సినిమా ఫొటో చూపించడానికి వచ్చినవాళ్లు ముందు కాస్త చిన్నబుచ్చుకుంటారు. అందులో ఎంత అందమైన హీరోయిన్ ఉన్నా ఆయన ఆవిడ మొహం చూడరు. చేతికందగానే బోర్లా తిప్పేస్తారు. వెనక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు ముద్ర, పెన్సిలు అంకె, మూలల్లో పిన్నుల కన్నాలు, వాటి చుట్టూ తుప్పు మరక చూసుకుని "అసలుదేనండి" అనో, "మొన్నామధ్య ప్రింటు వేయించిందండి" అనో తేల్చేస్తారు.

ఆ విద్య ఆయనకి ఊళ్లోని సినిమా హాల్లో అబ్బింది. ముప్పయ్యేళ్లు గేటు దగ్గర టిక్కెట్లు చింపేరు. సినిమా మారినప్పుడల్లా బయట అద్దాల షోకేసులో ఆ సినిమా ఫొటోలు గుచ్చేవారు. ఆట ఎత్తేసేక పెట్టెలో సర్ది పక్క ఊరి హాలుకి పంపేవారు. ఇప్పుడా హాలు ఫంక్షన్ హాలైపోయింది. అప్పట్లో ఎవరికీ పట్టని ఫొటోలేమో డబ్బున్నవాళ్ల గోడలెక్కేయి.

అలాంటి గోడ ఒకటి అమలాపురంలో రాజ్‌కుమార్‌ది. రొయ్యల మేత వ్యాపారం. పోయిన వేసవిలో ఆయన ఒక ఫొటోని పసిబిడ్డని తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చేడు. రేవులో గొడుగు పట్టుకుని నిలబడ్డ హీరోయిన్.

"చెన్నై వేలంలో కొన్నానండి. ఇలాంటిది ఇంకెక్కడా లేదంట. ఒక్క మాట చెప్పండి చాలు."

భీమరాజు గారు తిప్పి చూసేరు.

"నకలండి."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారండి?"

"ఈ అంకె నా చేతిరాతండి. నేనే చేయించేను."

నలభయ్యేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పేరు. మరీ నచ్చిన ఫొటో అయితే అమలాపురం స్టూడియోలో కాపీ తీయించి, కాపీని పెట్టెలో పెట్టి, అసలుది ఇంటికి తెచ్చుకునేవారు. అలా పదకొండు.

వంటింట్లోంచి భార్య అమ్మాజీ గారు గరిటెతో సహా వచ్చేరు. "కంపెనీవాళ్లు మెచ్చుకుని ఇచ్చేరన్నారు కదండీ! మా పుట్టింట్లో అందరికీ చెప్పుకున్నాను కూడాను."

భీమరాజు గారు ఫొటోని మళ్లీ తువ్వాల్లో చుట్టడం మొదలెట్టేరు.

"అయితే అసలుది మీ దగ్గరే ఉందన్నమాట," అన్నాడు రాజ్‌కుమార్, ఆశగా.

"ఎనభయ్యారు వరదల్లో పోయేయండి, పదకొండూను. పెట్టెలో వదిలేసి ఉంటే బతికేవి."

రాజ్‌కుమార్ జేబులోంచి కాగితం, పెన్ను తీసేడు. "అసలుది లేనప్పుడు ఇదే అసలుది కదండీ. ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

భీమరాజు గారు కాగితం తీసుకుని రాసేరు: "ఇది నకలు. అసలుది నేను కాజేసేను. దాన్ని గోదారి తీసుకుపోయింది. భీమరాజు, గేట్ కీపర్."

ఆ తరవాత వారం రోజులు సిగ్గుతో వీధిలోకి రాలేదు. పోలీసులొస్తారేమోనని ఉతికిన చొక్కా ఒకటి తీసి కొక్కేనికి తగిలించుకున్నారు కూడా.

పోలీసులు రాలేదు. రాజ్‌కుమార్ ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఫొటో పక్కన తగిలించేడు. చుట్టాలు ముందు కాగితమే చదివేవారు. ఎవరో దాన్ని ఫోన్లో పెట్టేరు. నెల తిరక్కుండా హైదరాబాదు నించి ఒకాయన ఆ రెండూ కలిపి చెన్నై ధరకి రెట్టింపు ఇస్తానన్నాడు. కాగితం లేకుండా వద్దన్నాడు. మిగతా పది నకళ్ల కోసం జనం వెతుకులాట మొదలెట్టేరు. ముప్పయ్యేళ్ల నౌకరీలో ఒక్కరూ పేరు పెట్టి పిలవని మనిషితో ఇప్పుడు సెల్ఫీలు దిగుతున్నారు.

పోయిన శనివారం వాడపల్లి దర్శనానికి వెళ్తూ భార్యాభర్తలిద్దరు ఆగి ఒక ఫొటో చూపించేరు. "మీ పదకొండింటిలో ఒకటండి."

వేలితో రుద్దితే కాగితం కొత్త కంప్యూటరు ప్రింటని తెలిసిపోయింది.

"నాది కాదండి. ఇది దొంగదండి."

"మీవి మాత్రం దొంగవి కావేంటండి?" అంది ఆవిడ.

"ఆయ్, దొంగవేనండి. కానీ అవి నేను చేయించినవండి."

భర్తకి కోపమొచ్చింది. ఇంకో మంచి నిపుణుడికి చూపించుకుంటానంటూ ఆటో ఎక్కేడు. భీమరాజు గారు గుమ్మంలో నిలబడి, రావులపాలెం వైపు రోడ్డు తవ్వేసేరని, వాడపల్లికి కాలవ గట్టు మీంచి పొమ్మని డ్రైవరుకి చెప్పేరు.