నవారు పట్టీలు

షహనాజ్ గుంటూరులో మిర్చి నింపిన టిక్కీల, అంటే గోనె బస్తాల, మూతులు కుట్టేది. కారం ఘాటుకు పట్టుకున్న దగ్గు ఎంతకీ వదలకపోయేసరికి, కుట్టుమిషను తీసుకుని కొత్తపట్నం వచ్చేసి, అక్క ఇంటి పక్కనే ఒక గది అద్దెకు తీసుకుంది. సముద్రగాలికి దగ్గు తగ్గింది గానీ, కుట్టుపని పెద్దగా దొరకలేదు.

శని, ఆదివారాల్లో ఒంగోలు కుర్రకారు వీపున సంచులతో వచ్చి, సుబ్బరావమ్మ గారి సరుగుడు తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య గుడ్డ ఉయ్యాలలు కట్టుకుని పడుకునేవారు. ఒకసారి దీప్తి అనే అమ్మాయి చిరిగిన ఉయ్యాల తెచ్చి కుట్టమంది. అది కుట్టిచ్చాక షహనాజ్ తనే కొత్తవి కుట్టడం మొదలుపెట్టింది. వాటిని అడిగేవాళ్లు పెరిగారు.

పని కుదురుకుంటుండగా సుబ్బరావమ్మ ఆమెను తోటకు పిలిపించి చెట్లు చూపించింది. నైలాన్ తాళ్లు ఒరుసుకుని బెరడు తెగిపోయింది.

"బిందెలతో నీళ్లు మోసి పెంచానమ్మాయ్ వీటిని. ఇక ఎవర్నీ కట్టనివ్వను."

షహనాజ్ ఆ గాట్లను వేలితో తడిమింది. ఉయ్యాల ఎంత బరువు మోస్తుందో చూసుకుంది గానీ, ఆ బరువు చెట్టును ఎక్కడ నొక్కుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. అక్క వాళ్ల పాత మంచం నవారు విప్పి, వెడల్పాటి పట్టీలు కుట్టి తెచ్చి చెట్టుకు చుట్టింది. బెరడు నలగలేదు. నవారు ఉంటేనే కట్టుకోమని సుబ్బరావమ్మ ముక్తసరిగా ఒప్పుకుంది.

వానాకాలంలో మరో చిక్కు వచ్చింది. పైన టార్పాలిన్ కట్టినా, చెట్టు మీది నీళ్లు నవారు వెంబడి పాకి ఉయ్యాలలోకి దిగాయి. దీప్తి తడిసిన బట్టలతో వచ్చి, కోప్పడకుండానే సంగతి చెప్పింది. తిట్టినా బాగుండునని షహనాజ్‌కి అనిపించింది.

తోటకు వెళ్లి, నీళ్లు గుడ్డదాకా రాకుండా కిందికి జారిపోతాయని, నవారుకు, గుడ్డ మొదలయ్యే చోట, ఒక నైలాన్ దారం కట్టి వేలాడదీసింది. నీళ్లు దాన్ని దాటుకుని పోయాయి. దారం తీసేసి పురికొస కట్టింది. ఎవరైనా పడుకుని చూస్తే తప్ప తేలదు. ఇన్ని కుట్టినా ఆమె ఒక్కసారీ ఉయ్యాల ఎక్కలేదు. సిగ్గుపడుతూనే ఎక్కి పడుకుంది. సుబ్బరావమ్మ చెంబుతో చెట్టు మాను మీద, పట్టీకి కాస్త పైగా, నీళ్లు పోసింది. నీళ్లు నవారు మీదుగా వచ్చి, పురికొసలోకి ఇంకి, చుక్కలు చుక్కలుగా ఇసుకలో పడ్డాయి.

"తడిసిందా?"

"లేదు పిన్నిగారూ."

"మరి లేవవేం?"

పైన సరుగుడు కొమ్మలు గాలికి హోరుమంటున్నాయి. పట్టపగలు ఇలా వెల్లకిలా పడుకుని ఆకాశం చూసి ఎన్నేళ్లయిందో షహనాజ్‌కి గుర్తు రాలేదు. సుబ్బరావమ్మ చెంబు పక్కన పెట్టి, ఉయ్యాలను మెల్లగా ఊపింది.