ఫ్లష్ అయిందని పెట్టిన మెసేజ్

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ ఎత్తను. మీకు నేనెవరో తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బ్రాంచీలున్న ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను సిస్టమ్స్ చూసేవాణ్ని. ఊరికో సర్వర్. ఒకచోట ఎక్కించిన రిపోర్టు మిగతా రెండు చోట్లకీ కాపీ అవుతుంది. ఒక సర్వర్ ఆపాలంటే మిగతా రెండూ నడుస్తుండాలి. మెమరీలో ఉన్నదంతా ముందు డిస్కు మీదికి రాయించాలి. దాన్నే ఫ్లష్ అంటాం. అది పూర్తికాకుండా కరెంటు పోతే మెమరీలో ఉన్నది పోతుంది. అది పూర్తయ్యాకే వాట్సాప్ గ్రూపులో ‘ఫ్లష్ అయింది’ అని పెట్టాలి. ఆ మెసేజ్ చూశాకే ఎలక్ట్రీషియన్ కరెంటు తీస్తాడు.

ఆ రోజు కోదాడలో ఇన్వర్టర్ మార్చాలి. మిర్యాలగూడ సర్వర్ రిపేరులో ఉంది. సూర్యాపేటకు పొద్దుటినుంచి నెట్ లేదు. ఆగాల్సింది. కానీ ఎలక్ట్రీషియన్ తొందరపెడుతున్నాడు, ఫ్లష్ ఇంకా నడుస్తోంది, ఎలాగూ అయిపోతుందిలే అని ముందే మెసేజ్ పెట్టేశాను. అందరం అలాగే పెట్టేవాళ్లం. అందరం అనడం కూడా సాకేనేమో? ఆ రోజు పెట్టింది నేను. వెంటనే కరెంటు తీసేశాడు.

మర్నాడు పాలకీడు నుంచి ఒకాయన, ముందురోజు కోదాడలో రక్తమిచ్చిన తన భార్య రిపోర్టు కోసం వచ్చాడు. ఆమెకు మూడు రోజులుగా జ్వరం. రిపోర్టు లేదు. టెక్నీషియన్ సుజాతను మేనేజర్ పిలిపించాడు. ఆమె నావైపు చూసింది.

"సార్, నేను ఎక్కించిన. జర మల్లొక్కసారి సూడండి."

"సూసిన. ఎక్కిస్తే యాడికి పోతది సుజాతా? సిస్టమ్‌ల లేదు."

అలా అన్నాను గానీ, ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఆ సాయంత్రమే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

మళ్లీ రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. పాలకీడు ఆవిడ వారం దవాఖానలో ఉండి బతికింది. చనిపోయి ఉంటే నోరు విప్పేవాణ్నా? తెలియదు. అదే నాకు అన్నిటికన్నా భయం. సర్వర్ లాగ్‌లో ఫ్లష్ ఎప్పుడు ఆగిపోయిందో ఆనాటి టైములు ఇంకా ఉన్నాయి. ఎవరైనా వాటిని నా మెసేజ్‌తో సరిపోల్చి చూస్తే నా పని అయిపోయినట్టే.

మొన్న కోదాడ బస్టాండులో ల్యాబు ఆయా కనిపించింది. సుజాత ఇప్పుడు నేరేడుచర్లలో ఒక బట్టల షాపులో చేస్తోందట. ఆ మాట ఎప్పుడొచ్చినా, ‘నేనే మర్చిపోయుంటా’ అంటోందట.

అందుకే రాస్తున్నాను. భయం తగ్గలేదు గానీ కాస్త ఊపిరి ఆడుతోంది. సుజాత మర్చిపోలేదు. ఆ రిపోర్టు ఎక్కించింది. పోగొట్టింది నేను.