మాస్టారు తెరిచిన కళ్ళు

పానకాలరావు మాస్టారు ఇక లేరు. ఆటోనగర్‌లో చనిపోయిన ఒక షెడ్డు యజమాని పటాన్ని ఆ ఇంటివాళ్ళకు అప్పగించి ఆటో ఎక్కబోతుండగా మాస్టారి అబ్బాయి శ్రీధర్ ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న పొద్దున కాఫీ తాగుతూ అలా ఒరిగిపోయారక్కా. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే..." అన్నాడు. చావు జరిగిన ఇళ్ళకు పటాలు మోయడమే నా వృత్తి. అయినా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పటానికి చుట్టి తెచ్చిన పాత చీర ముక్కతోనే కళ్ళు తుడుచుకుని భవానీపురం వెళ్ళాను.

ఫోటోను కంప్యూటర్‌లో వర్ణచిత్రంగా మలిచే విద్యలో మాస్టారు అగ్రగణ్యులు. చేతి నైపుణ్యంలో అసమానులు, శిష్యవాత్సల్యంలో పితృతుల్యులు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆయన పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న దాన్ని కాబట్టి ఫోటోగ్రాఫర్ల సంఘం వారు తమ పత్రిక వేస్తున్న ఈ స్మారక సంచికకు నన్ను రాయమన్నారు. "నాలుగు మంచి మాటలు రాయమ్మా పద్మా, నీకంటే ఎవరికి తెలుసు" అన్నారు. మంచి మాటలు నాలుగు కాదు, ఇంకా ఎక్కువే రాస్తాను. అవన్నీ నిజాలే. కాని ఆయన నన్ను మోసం చేశారు. అదీ రాస్తాను. ఇష్టమైతే అచ్చు వేయండి, లేకపోతే మానేయండి.

మాస్టారు మొదట దుకాణాలకు బోర్డులు రాశారు. తర్వాత నలుపు తెలుపు ఫోటోలకు సన్నని కుంచెతో రంగులు అద్దారు. కంప్యూటర్లు వచ్చాక ఆయన తోటివాళ్ళు చాలామంది కుంచెలు కట్టగట్టి అటక మీద పడేశారు. మాస్టారు మాత్రం యాభై దాటాక అక్షరాభ్యాసం మొదలుపెట్టారు. "మౌసా అది? చీపురుతో ముగ్గు వేయమన్నట్టుంది" అని విసుక్కుని, పలక మీద గీసే డిజిటల్ పెన్ను తెప్పించుకున్నారు. ఇక అది ఆయన ఆరో వేలయింది. ఒక్క మీట నొక్కితే ఫోటో అంతా తైలవర్ణ చిత్రంలా మారిపోయే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాన్ని ముట్టుకుంటే ఆయనకు కోపం వచ్చేది. "అది బొమ్మ కాదు, గోడకి సున్నం కొట్టడం" అనేవారు. ముఖాన్ని తెరంతా నిండేలా పెద్దది చేసి, ముడత ఎటు తిరిగితే గీతను అటు తిప్పేవారు. బుగ్గ మీద గీత గుండ్రంగా, నుదుటి మీద అడ్డంగా, మెడ దగ్గర జారుతున్నట్టుగా పోవాలి. ఆ గీతలన్నీ కాన్వాసు మీద ప్రింటు తీసి పటం కట్టించాక, చచ్చిపోయిన మనిషి ఇప్పుడే స్నానం చేసి వచ్చి కూర్చున్నట్టు ఉండేది.

ఆయన నిజాయితీ గురించి మీలో చాలామంది విన్నారు, నేను కళ్ళారా చూశాను. చల్లపల్లి దగ్గరి రైతు కుటుంబం వాళ్ళు కళ్ళు మసకబారిన తల్లి ఫోటో తెచ్చారు. పెద్దకర్మకు బంధువులంతా వస్తారని, మెడలో కాసుల పేరు ఒకటి పెట్టమని పెద్దకొడుకు అడిగాడు. మాస్టారు కళ్ళజోడు తీసి ఆయన వంక చూశారు. "ఆవిడ మెళ్ళో పసుపుతాడే ఉంది నాయనా. బతికుండగా మీరు చేయించలేదు కదా, ఇప్పుడు నన్ను చేయించమంటారేంటి?" అన్నారు. వాళ్ళు మొహం మాడ్చుకుని బయటికి వెళ్ళారు. కాసేపటికి చిన్నకొడుకు తిరిగొచ్చి, ఉన్నదున్నట్టే వేయమని చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాత ఆ ఊరి నుంచి పటం కావలసిన వాళ్ళెవరూ ఇంకో స్టూడియో గడప తొక్కలేదు.

నాకూ తిట్లు తప్పలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలాయన గడ్డం మీది పులిపిరిని తుడిచేసి, ముఖం బాగు చేశానని మురిసిపోయాను. మాస్టారు చూసి పలక మీద పెన్ను విసిరి కొట్టారు. "వాళ్ళావిడ పటం చూడగానే ముందు ఆ పులిపిరి కోసమే వెతుక్కుంటుందమ్మాయ్. నువ్వు ఆవిడ మొగుణ్ణి మార్చేశావు!" అన్నారు. ఫోటోలో లేనిది పెట్టకు, ఉన్నది తీయకు. ఇది ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం. చివరి పాఠమూ అదేనని నమ్మాను.

కళ్ళు మాత్రం ఆయన మాతో వేయించేవారు కాదు. ఫోటోలో కళ్ళు మసకబారినా, మూసుకుపోయినా ఆ పని తనదే. గుడిలో కొత్త విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు శిల్పి తెర కడతాడని చెప్పి, ఆయనా తన గది గుమ్మానికి కర్టెన్ లాగేసేవారు. మేం బయట ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. అదొక తపస్సు అనుకునేవాళ్ళం.

మా అమ్మ బొమ్మకూ అలాగే కర్టెన్ పడింది. మాది పెడనలో నేత కుటుంబం. నేను చిన్న క్లాసులో ఉండగా అమ్మ జ్వరంతో పోయింది. ఆమెకున్నది ఒక్కటే ఫోటో, మా బాబాయి పెళ్ళిలో తీసింది. సరిగ్గా ఫ్లాష్ పడిన క్షణాన అమ్మ కళ్ళు మూసుకుంది. ఆ ఫోటోలో పక్కనున్న మేనత్తలంతా కళ్ళు విప్పార్చి చూస్తుంటారు, మా అమ్మ ఒక్కతే నిద్రపోతున్నట్టుంటుంది. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "నువ్వు బడి నుంచి వస్తే మీ అమ్మ నీ వంక ఎలా చూసేదమ్మాయ్?" అని అడిగారు. నాకు గుర్తున్నది కొంచెమే. మగ్గం చప్పుడు, గంజి వాసన, పని ఆపకుండానే తల తిప్పడం. అవే చెప్పాను. ఆయన పని మానుకుని రోజూ కాసేపు అడిగేవారు, నేను రోజూ ఏడుస్తూ చెప్పేదాన్ని. చివరికి ఒకరోజు కర్టెన్ తీసి నన్ను లోపలికి పిలిచారు. తెర మీద అమ్మ కళ్ళు తెరిచి, తడిగా, ప్రేమగా నన్నే చూస్తోంది. "నీ మాటల్లోంచే తీశాను" అన్నారు మాస్టారు. ఆయన పాదాల మీద పడ్డాను. ఆ పటం మా ఇంట్లో కట్టింది మొదలు దానికి చెప్పకుండా నేను గడప దాటలేదు. నా పెళ్ళి కబురు దానికే ముందు చెప్పాను, నా పిల్లను మొదట దానికే చూపించాను.

మాస్టారు పోయాక పెద్దకర్మకు పటం చేయమని శ్రీధర్ నాకే అప్పగించాడు. ఆయన ఫోటోలు వెతికితే ఒక్కదానిలోనూ కళ్ళు కనిపించలేదు. అందరి ముఖాలతో బతికిన మనిషి, తన ముఖం కెమెరాకు ఇచ్చేవారు కాదు. దొరికినవాటిలో బాగున్నది నేను తీసిందే, తల వంచి పలక మీద గీస్తుండగా ఆయనకు తెలియకుండా తీశాను. రెప్పలు వాలి ఉన్నాయి. "కళ్ళు తెరిచి, వచ్చినవాళ్ళని చూస్తున్నట్టుండాలక్కా" అన్నాడు శ్రీధర్. మా అమ్మకు మాస్టారు ఎలా తెరిచారో చూసి నేర్చుకుందామని ఆయన కంప్యూటర్‌లో అమ్మ బొమ్మ తెరిచాను.

మా పనిలో బొమ్మ ఒకే ముద్దగా ఉండదు. ఫోటో మీద పలుచని గాజు పలకలు పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది, ఏ పొరకు ఆ పొర విడిగా తీయవచ్చు. కళ్ళ పొర విడిగా తీసి చూశాను. అది గీసింది కాదు. నిజమైన కళ్ళకు తీసిన ఫోటో, అంచుల్లో మాత్రం కుంచె గీతలు కలిపారు. నమ్మలేక పెద్దది చేశాను. నల్లగుడ్డులో చిన్న వెలుగు చుక్క ఉంది. ఇంకా పెద్దది చేస్తే అందులో కిటికీ కనిపించింది, కిటికీకి నెమలి ఆకారంలో ఊచలు కనిపించాయి. ఆ నెమలి బొమ్మ మాస్టారే గీసి ఆటోనగర్‌లో చేయించి తన ముందుగదికి పెట్టించుకున్నారు. అలాంటి కిటికీ బెజవాడలో ఇంకెవరికీ లేదు. పులిపిరి తుడిచినందుకు నన్ను తిట్టిన మనిషి, ఆ నెమలిని తుడవడం మర్చిపోయారు. తర్వాత వరసగా తెరిచి చూశాను. అంతకుముందెప్పుడో పటం కట్టిన పామర్రు ముసలమ్మ కళ్ళల్లో నెమలి. చల్లపల్లి తల్లి కళ్ళల్లో నెమలి. కాసుల పేరుకు ఒప్పుకోని చెయ్యి కళ్ళకు ఒప్పుకుంది!

మా అక్క పెడనలోనే ఉంటుంది. ఫోన్ చేసి చెప్పాను. "నాకప్పుడే అనిపించిందే పద్దూ. అమ్మ అంత మెత్తగా చూసేది కాదు. మగ్గం మీద తెగిన పోగు వెతికీ వెతికీ ఒక కన్ను చికిలించడం అలవాటైపోయింది అమ్మకి. మనల్ని చూసినా పోగుని చూసినట్టే చూసేది. నువ్వు ఆ పటం పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే నేనేం చెప్పనే?" అంది. అక్క చెబుతున్న ఆ చికిలించిన కన్ను నాకు గుర్తు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. అప్పుడొచ్చింది నాకు అసలు కోపం.

మాస్టారి భార్య రాజ్యలక్ష్మి గారు ముందుగదిలో ఆ కిటికీ పక్కనే కూర్చుని ఉన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నా ఫోన్‌లో ఆ కళ్ళు చూపించాను. "ఇవి మీవేనా అమ్మగారూ?"

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూశారు. "నావే. ఎవరికి పెట్టారమ్మా వీటిని?"

"మా అమ్మకండీ."

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నీకని నాకు చెప్పలేదమ్మా. ఇక్కడే కూర్చోబెట్టి, 'బడి నుంచి పిల్ల వస్తోందనుకో, అలా చూడు' అన్నారు. మొదట్లో కెమెరా చూసుకుంటున్నారేమో అనుకునేదాన్ని. ఒకసారి ఈ వీధిలోనే పేరంటానికి పిలిస్తే వెళ్ళాను. వాళ్ళ అత్తగారి పటానికి దండేసుంది. అందులోంచి నన్ను నేనే చూసుకుంటున్నాను! తాంబూలం పుచ్చుకోవడమే మర్చిపోయాననుకో. ఇంటికొచ్చి నిలదీస్తే, 'నీ కళ్ళల్లో అందరి అమ్మలూ ఉన్నారే లక్ష్మీ' అన్నారు. మురిసిపోయి నోరు మూసుకున్నా. అన్నేళ్ళు ముత్తైదువ కళ్ళకి దండలేయించారు మీ మాస్టారు."

"నాకైనా చెప్పొచ్చు కదండీ. నేను ఆయన శిష్యురాల్ని కదా?"

"చెబితే నువ్వా పటానికి దణ్ణం పెట్టేదానివా?"

"పెట్టేదాన్ని కాదండీ."

"మరి? ఆ దణ్ణం ఆయనకి కావాల్సొచ్చింది" అన్నారు రాజ్యలక్ష్మి గారు. ఆవిడ గొంతులో కోపం లేదు. నాకున్నంత కోపం ఆవిడకు లేకపోవడం నాకు ఇంకా మంటెక్కించింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "ఆయన పటానికి మాత్రం ఎవరి కళ్ళూ అరువు తేకమ్మా" అన్నారు.

తేలేదు. ఆయన నేర్పిన విద్యనంతా ఆ ఒక్క బొమ్మ మీద పెట్టాను. ముడత ఎటు తిరిగితే గీతను అటు తిప్పాను. చెవి మీద నెరిసిన వెంట్రుకల్ని, చొక్కా జేబు మీది సిరా మరకను ఉంచాను. ఒక్క మీటా నొక్కలేదు. కోపంతో మొదలుపెట్టి, ఆ వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏడ్చాను. నా వేళ్ళను పట్టుకుని గీత దిద్దించినవి అవే మరి. రెప్పల్ని మాత్రం వాలి ఉన్నట్టే వదిలేశాను. శ్రీధర్ చిన్నబుచ్చుకున్నాడు. పెద్దకర్మ నాడు మన సంఘంలోని పెద్దలొకరు పటం ముందు దణ్ణం పెట్టి, "మాస్టారు తలెత్తి మనల్ని చూడట్లేదేంటమ్మా?" అన్నారు.

"ఫోటోలో అంతేనండీ. లేనిది పెట్టకూడదు కదా" అన్నాను. ఆయన తల ఊపి, అచ్చంగా మాస్టారి శిష్యురాలివనిపించావమ్మా అని మెచ్చుకున్నారు. రాజ్యలక్ష్మి గారు నా వంక చూశారు. ఆ చూపు ఎదుర్కోలేక నేను తల తిప్పుకున్నాను. అమ్మ చూస్తున్నట్టే ఉంది.

మాస్టారూ, మీరు గొప్ప చిత్రకారులు. ఆ మాట వెనక్కి తీసుకోను. నా చేతికి విద్య, నా ఇంటికి అన్నం మీరు పెట్టినవే, ఆ ఋణం ఈ జన్మకు తీరదు. కాని అమ్మ నన్ను చూడకపోయినా నేను బతికేదాన్ని. అప్పటిదాకా బతికాను కదా! ఇంకొకరు చూస్తుంటే అమ్మనుకుని బతికేలా చేశారు మీరు. మీకు శాంతి కలగాలని కోరుకోవడానికి ఇంకా నాకు మనసు రావడం లేదు. మీ పటం ముందు దీపం మాత్రం పెట్టాను.

ఇంటికొచ్చి అమ్మ పటం దించేశాను. దాని చోట పెళ్ళి ఫోటోలోని అమ్మను, ఉన్నదున్నట్టు, కళ్ళు మూసుకున్న అమ్మను పెట్టాను. మాస్టారు పోవడం ఈ రంగానికి తీరని లోటని ఈ సంచికలో అందరూ రాస్తారు, నిజమే. నాకు తీరని లోటు వేరే ఉంది. ఆ మూసిన రెప్పల ముందు నిలబడి, ఒక కన్ను చికిలించి తెగిన పోగును చూసినట్టు నన్ను చూసిన అమ్మను తలుచుకోవాలని రోజూ ప్రయత్నిస్తాను. కళ్ళు మూసుకుంటే చాలు, ఇంకా ఆ తడి కళ్ళే వస్తాయి, వాటిలో నెమలి కిటికీతో సహా.