మే నెలలో హీటర్

నిన్న ఉప్పల్ ట్రాఫిక్‌లో మా అమ్మాయి కారు ఏసీ మీటను పొరపాటున ఎర్రవైపు తిప్పేసింది. పాదాల మీదికి వేడిగాలి కొట్టింది. నా చూపు వెంటనే డాష్‌బోర్డు మీదికి పోయింది.

పాత కార్లున్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళారా, ఇంజన్ వేడి చూపించే ఆ టెంపరేచర్ ముల్లు గుర్తుందా? మేం రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూసేవాళ్ళం. నాచారంలో ఉన్నప్పుడు మా పాత కారు డిక్కీ నిండా నీళ్ళ డబ్బాలే. రేడియేటర్‌లో ఎన్ని పోసినా ఇంజన్ కాగిపోయేది. మల్లాపూర్ మెకానిక్ యాదగిరన్న నాన్నకు ఉపాయం చెప్పాడు.

"ముల్లు ఎర్రగీత దిక్కు వోతే హీటర్ ఆన్ జెయ్యున్రి సార్. ఇంజన్ల వేడి లోపటికొస్తది. జర ఓర్సుకోవాలె, గంతే."

అక్క ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ రోజు ఓర్చుకున్నాం. సెంటర్ ఘట్‌కేసర్ దాటాక. ఉప్పల్‌లోనే ముల్లు లేచింది, నాన్న హీటర్ వేశాడు. మే నెల ఎండ బయట, పొయ్యి లోపల. సీటు రెగ్జిన్ ఒంటికి అంటుకుపోతోంది.

"ఆపండి, ఆటో ఎక్కిద్దాం," అంది అమ్మ.

"ఆపితే మళ్ళీ స్టార్టవదు!"

పొద్దున్నుంచీ వణుకుతున్న అక్క పుస్తకం మూసేసి, సీట్ల మధ్యనుంచి ముందుకు వంగింది.

"ముల్లు దిగుతోంది నాన్నా, పోనీ."

గేటు మూసే వేళకు చేరాం. లోపలికి పరిగెత్తుతూ వెనక్కి తిరిగి అరిచింది: "ఇంటికెళ్ళేదాకా హీటర్ ఆపకు!"

పరీక్ష భయం ఎటుపోయిందో.

నిన్న ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేసి వేడిగాలి సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ముల్లు దిగిందా?" అంది కంగారుగా.

మా కొత్త కారులో అసలు ముల్లే లేదు.