అంచుదాకా నింపిన గిన్నె

జుల్‌హుమార్ ఆ ఇంటికి కోడలుగా వచ్చి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లోనే వీధి వీధంతా ఆమెకు పొగరుబోతని పేరు పెట్టింది. పక్కింటిదాన్ని నేనూ ఆ మాట అన్నాను, దాచడమెందుకు?

మామగారు మీర్‌సాదిక్ పొగలు కక్కే టీ గిన్నె నోటికెత్తి జుర్రుమనిపించగానే ఆమె మొహం ఎర్రబడేది. ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి పరుగు తీసేది. పెద్దాయన టీ తాగుతుంటే కోడలు పక్కన నిలవకపోతే జనం ఏమనుకుంటారు?

మా రిష్తాన్ ఊళ్లో టీ సగం గిన్నే పోస్తాం. కూర్చోండి, మళ్లీ పోస్తానని దాని అర్థం. నిండా పోశామంటే తాగేసి ఇక దయచెయ్యమని. ఇది పసిపిల్లలకూ తెలుసు.

ఆ శుక్రవారం మీర్‌సాదిక్ మట్టి పళ్లేలు కాల్చే బట్టీ తెరిచాడు. మూడొందల పళ్లేల్లో ఒక్కటీ పగల్లేదు. ఇల్లంతా సంబరం. వీధి పెద్దలు నలుగురు వచ్చి వాకిట్లో కూర్చున్నారు, నేను వేడి రొట్టెలు పట్టుకెళ్లాను. వాళ్లందరి ముందూ జుల్‌హుమార్ మామగారి గిన్నెను అంచుదాకా నింపి పెట్టింది.

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటున్నావా? రేపు మీ నాన్నకి కబురంపుతా. వచ్చి తీసుకుపోతాడు" అన్నాడు మీర్‌సాదిక్.

ఆమె మొగుడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

"పొమ్మని కాదు మామయ్యా. నిండా పోస్తే మళ్లీ పొయ్యడానికి నేను మాటిమాటికీ రానక్కర్లేదని" అంది జుల్‌హుమార్. "మీరు జుర్రితే నాకు ఒళ్లంతా మంట పుడుతుంది. కోపం మీ మీద కాదు, ఆ చప్పుడు మీద. చిన్నప్పట్నించీ ఇంతే. మా నాన్న రొట్టె నమిలినా ఇంతే. ఓర్చుకుందామని పెదవి కొరుక్కుంటా. నా వల్ల కాదు."

పెద్దల్లో ఒకాయన, తుర్గున్, పకపకా నవ్వాడు. "కోడలికి చెవుల్లోక్కూడా ఎక్కిందయ్యా పొగరు."

అప్పుడు లేచింది అత్తగారు హనీఫా. మగాళ్ల ముందు ఆమె గొంతు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏవండీ, మన పులావు బాణలి చెక్క గరిటెతోనే ఎందుకు గీకుతాం?"

ఆయన జవాబు కోసం ఆగకుండా తనే అందుకుంది.

"కొత్త కాపురంలో ఇనుప గరిటెతో గీకితే ఆ చప్పుడు పడక బాణలిని పులావుతో సహా వీధిలోకి విసిరేశారు. ముప్పై రెండేళ్లుగా ఈ ఇంట్లో ఇనుప గరిటె లేదు. పక్కింటావిడ చేత కూడా మాన్పించారు. మీకైతే చెవులు, ఈ పిల్లకైతే పొగరా?"

నిజమే, నా చేత కూడా మాన్పించాడు. పెద్దాయన కదా అని ఒక్కరం ఒక్క మాట అన్నామా? నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. తుర్గున్ నవ్వు ఎటు పోయిందో.

మీర్‌సాదిక్ కోడలి వైపు తిరిగాడు. "నాకు పళ్ల దగ్గర మొదలై మెడ దాకా పాకుద్ది. నీకెక్కడమ్మా?"

"గుండెల దగ్గర మామయ్యా. తర్వాత మోచేతుల్దాకా."

"చప్పుడు ఆగాక కూడా ఉంటదా?"

"గంటసేపు."

"నాకూ గంటే" అన్నాడాయన ముందుకు వంగి, కళ్లు మెరుస్తుండగా. పరాయి సంతలో సొంతూరివాళ్లు కలిసినట్టు మామా కోడళ్లు ఒకటే మాటలు. నలుగురు పెద్దమనుషులు ఎదురుగా ఉన్నారన్న సంగతే మరిచిపోయారు. నేనన్న మాటకు నాకు సిగ్గేసింది, అయినా మనసులో సంతోషం పట్టలేకపోయాను.

చివరికి ఆయన ఆ నిండు గిన్నెను గులాబీ మొదట్లో పారబోసి, ఖాళీ గిన్నె కోడలి ముందు పెట్టాడు.

"సగమే పొయ్యమ్మా."

ఆమె సగం పోసింది. ఆయన గిన్నె ముట్టుకోకుండా, అది చల్లారేదాకా కూర్చున్నాడు.